మా రాతలు పాఠకుల కంటపడనివ్వండి: వ్యాస వేదిక నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు, సంపాదక వర్గానికి నమస్కారం.

తమకు తెలిసిన సంగతిని నలుగురికీ ఉపయోగపడేలా రాసుకునే అవకాశం మీ వేదిక ఎవరికైనా ఇస్తోంది. అందుకు కృతజ్ఞతలు. వ్యాసాలు పాఠకులకు చేరడం లేదని మేము చాలామందిమి మీ సహాయ విభాగానికి రాశాం. విడివిడిగా రాశాం, కలిసి సంతకాలు చేసి కూడా రాశాం. కొన్నిటికి జవాబే లేదు. వచ్చిన జవాబుల సారాంశం ఒకటే: "బాగా రాయండి, మీ పరిచయస్తులకు పంపండి, పాఠకులు వాళ్లంతట వాళ్లే వస్తారు." గోడకు చెప్పుకున్నట్టు అయింది కాబట్టి ఇప్పుడు అందరి ఎదుటా చెబుతున్నాను.

బాగా రాయాలన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే బాగా రాసినవి కూడా ఎవరికీ దొరకడం లేదు. వేదికను అమర్చిన తీరే అందుకు ప్రధాన కారణం. దాన్ని మార్చగలిగింది మీరే. మేము ఎంత రాసినా, ఎంతమందికి పంపినా ఆ అమరికను దాటి పోలేం.

ఒక్క వ్యాసాన్ని దగ్గరగా చూద్దాం. చాలాకాలం నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒకావిడ, మంచం పట్టిన పెద్దవారికి పడక పుండ్లు రాకుండా ఇంట్లో ఎలా చూసుకోవాలో రాశారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టడం, దుప్పటి ముడతలు లేకుండా లాగి సర్దడం వంటివన్నీ వరసగా చెప్పారు. చర్మం ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే అదే మొదటి హెచ్చరిక అన్నారు. ఒంటి రంగు ముదురుగా ఉన్నవారిలో ఎరుపు తెలియదు కాబట్టి అక్కడ వెచ్చదనం, గట్టిదనం తడిమి చూడాలని కూడా రాశారు. రోగి పక్కన నిలబడి చేసిన మనిషి మాత్రమే ఇంత విడమరిచి చెప్పగలదు.

ఆ వ్యాసం ఒక రాత్రి ప్రచురితమైంది. తెల్లారేసరికి మొదటి పేజీ నుంచి కిందికి జారిపోయింది. సరైన విభాగం లేక "ఇతరాలు"లో పడింది. వేదికలోని వెతుకుపెట్టెలో "పడక పుండు" అని కొడితే ఏమీ దొరకలేదని వచ్చింది, ఎందుకంటే ఆవిడ "పుండ్లు" అని రాశారు. తండ్రి మంచం పక్కన కూర్చుని ఫోనులో వెతుకుతున్న కొడుక్కి ఆ వ్యాసం ఉన్నట్టు కూడా తెలియదు. ఆవిడ ఆ తరువాత మరో వ్యాసం రాయలేదు. మీ లెక్కల్లో ఇది ఒక ఖాతా నిద్రాణం కావడం. పాఠకుల వైపు నుంచి చూస్తే ఒక నర్సు చెప్పగలిగినదంతా ఆగిపోవడం.

ఇక వివరంగా, వరసగా చెబుతాను.

1. మొదటి పేజీ. కొత్తది పైన, పాతది కింద. ఇది వార్తలకు సరిపోయే వరస. వార్త మర్నాటికి పాతబడుతుంది. పడక పుండ్ల గురించో, భూమి పత్రాలు చదవడం గురించో రాసిన వ్యాసం పాతబడదు. రెండింటినీ ఒకే వరసలో నిలబెడితే, ఎక్కువ రాసేవారి వ్యాసాలే పైన కనిపిస్తాయి, ఓపికగా నెలకొకటి రాసేవారివి కొన్ని గంటల్లో మాయమవుతాయి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను చూడండి. దాని మొదటి పేజీలో "ఈ వారపు వ్యాసం", "మీకు తెలుసా" వంటి శీర్షికలు ఉంటాయి. లోపలెక్కడో ఉన్న వ్యాసాన్ని మనుషులు చదివి, ఎంచి, ముందుకు తెస్తారు. ఆ పని చేసేది జీతగాళ్లు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. మీ మొదటి పేజీలో సగం చోటు ఇలా ఎంచిన పాత వ్యాసాలకు కేటాయించండి. "ఇతరాలు" విభాగాన్ని విడగొట్టి ఆరోగ్యం, చట్టం, ఇంటి పనులు, చదువు వంటి గడులు పెట్టండి. ప్రతి వ్యాసం చివర అదే విషయం మీద ఉన్న మరికొన్ని వ్యాసాల లింకులు ఇవ్వండి.

2. వెతుకులాట. పాఠకుడికి ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. తెలుగులో మాట తోక మారుతూ ఉంటుంది. పుండు, పుండ్లు, పుండ్లకు, పుండ్లవల్ల అన్నీ ఒకటే మాటకు రూపాలు. మీ వెతుకుపెట్టె మాత్రం అక్షరం అక్షరం సరిపోతేనే చూపిస్తుంది. బయటి నుంచి వచ్చిన మాటలకు స్థిరమైన వర్ణక్రమం లేదు. ఒకరు డయాలసిస్ అంటారు, ఇంకొకరు డయాలిసిస్ అంటారు, ఇద్దరూ ఒకరికొకరు దొరకరు.

అంతకంటే మొండి చిక్కు ఒకటుంది. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో పొల్లుకూ తరువాతి అక్షరానికీ మధ్య కంటికి కనబడని ఒక సంకేతం ఉంటుంది. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో దాని సంఖ్య 200సి. అది ఉంటే "వే" విడిగా నిలుస్తుంది, లేకపోతే వత్తుగా మారి "సాఫ్ట్వేర్" అవుతుంది. కొన్ని కీబోర్డులు ఆ సంకేతాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. మనిషి రెండింటినీ ఒకటిగానే చదువుకుంటాడు. మీ కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు మాటలు. దాంతో వ్యాసం ఉండి కూడా లేనట్టే అవుతోంది. రచయిత ఎంత బాగా రాసినా దీన్ని సరిచేయలేడు, సరిచేయగలిగింది మీ సాంకేతిక బృందమే.

కోరేది ఇది: పదాల సూచిక తయారుచేసేటప్పుడూ, పాఠకుడు కొట్టిన మాటను తీసుకునేటప్పుడూ ఆ సంకేతాన్ని తొలగించి పోల్చండి. మాట మొదటి భాగం కలిస్తే చాలు, ఫలితం చూపించండి. వ్యాసం పెట్టేటప్పుడు వేరే వర్ణక్రమాలనూ, జనం వాడే మారు మాటలనూ చేర్చుకునే గడి రచయితకు ఇవ్వండి. తెలుగు మాటను రోమన్ అక్షరాల్లో కొట్టేవారు కూడా ఎందరో ఉన్నారు, ఆ గడి వారికీ దారి చూపుతుంది. ఇంకొక్కటి. ఏమీ దొరకని వెతుకులాటల జాబితాను, ఎవరు వెతికారో తెలియకుండా, వారానికోసారి రచయితలకు పంపండి. జనం ఏం అడుగుతున్నారో, మనం ఏం రాయలేదో ఆ జాబితా చెబుతుంది. అంత విలువైన సమాచారం మీ దగ్గరుండి ఎవరికీ ఉపయోగపడకుండా పోతోంది.

3. లింకులు, చిరునామాలు. "మీ పరిచయస్తులకు పంపండి" అన్నారు. పంపితే ఏమవుతుందో చెబుతాను. మీరు వ్యాసం పేరునే చిరునామాగా మారుస్తారు. తెలుగు లిపిలోని ఒక్కో సంకేతం (అక్షరం, గుణింతపు గుర్తు, సున్నా, పొల్లు దేనికది విడిగా లెక్క) కంప్యూటర్లు రాతను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా మారుతుంది. అంటే ఒక్కో సంకేతానికి 9 అక్షరాలు. "పడక పుండ్లు" అనే చిన్న పేరులో 10 సంకేతాలున్నాయి, లింకులో అవి 90 అక్షరాలవుతాయి. పేరు కాస్త పొడవైతే వాట్సాప్ సందేశం నిండా శాతం గుర్తులూ అంకెలూ తప్ప మరేమీ కనబడదు. పైగా మీ పేజీలలో పంపకానికి కావలసిన వివరాలు లేకపోవడంతో ఆ లింకు కింద వ్యాసం పేరు రాదు, బొమ్మ రాదు, రెండు వాక్యాల పరిచయమూ రాదు. అందుకున్న పెద్దలు అది మోసగాళ్ల లింకు అనుకుని ముట్టుకోరు. వాళ్ల జాగ్రత్త న్యాయమైనదే. నష్టపోయేది వాళ్లే.

ఇలా లింకు కింద పరిచయం చూపే ఓపెన్ గ్రాఫ్ పద్ధతిని ఫేస్‌బుక్ 2010లోనే తెచ్చింది. ఇన్నేళ్ల తరువాత కూడా అది ఇక్కడ లేకపోవడానికి కారణం కనిపించదు. ప్రతి వ్యాసానికీ ఒక అంకెతో పొట్టి చిరునామా ఇవ్వండి. పేరు, బొమ్మ, పరిచయ వాక్యం రచయితే పెట్టుకునేలా చేయండి.

దీనితో ముడిపడిన మరో సంగతి. వేదిక రూపం మార్చినప్పుడు పాత చిరునామాలన్నీ గంపగుత్తగా చెల్లకుండా పోయాయి. అప్పటికి ఇతరులు తమ రాతల్లో ఇచ్చిన లింకులు, జనం దాచుకున్న లింకులు, సెర్చ్ ఇంజిన్లు గుర్తుపెట్టుకున్న లింకులు అన్నీ "పేజీ దొరకలేదు" అన్న చోటికే వెళ్తున్నాయి. పాత చిరునామాకు వచ్చినవారిని కొత్త చిరునామాకు శాశ్వతంగా మళ్లించడానికి 301 అనే సంకేతం ఉంది. అది వెబ్ పుట్టిన కొత్తలోనే ఉన్న ఏర్పాటు. వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ, ఒకసారి ఇచ్చిన చిరునామాను మార్చకూడదని 1998లోనే రాశారు. పాత లింకులన్నిటికీ మళ్లింపు పెట్టండి. ఏళ్ల తరబడి మేము కూడబెట్టుకున్న పాఠకులు ఆ ఒక్క మార్పుతో పోయారు.

4. సెర్చ్ ఇంజిన్లకు దారి. పాత వ్యాసాలను చూడాలంటే "ఇంకా చూపు" అన్న బటన్ నొక్కుతూ పోవాలి. మనిషి నొక్కుతాడు, గూగుల్ పంపే యంత్రం సాధారణంగా బటన్లు నొక్కదు. దానికి మామూలు లింకు కావాలి, లేదా పేజీలన్నిటి చిరునామాలనూ జాబితాగా ఇచ్చే సైట్‌మ్యాప్ కావాలి. సైట్‌మ్యాప్‌ను గూగుల్ 2005లో ప్రవేశపెట్టింది, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకున్నాయి. ఒక్క ఫైలులో 50,000 చిరునామాల దాకా పెట్టవచ్చు. ఈ పని ఒకసారి అమర్చితే తరువాత దానంతట అదే జరుగుతుంది.

5. నకలు వ్యాసాలు. ఇది చెప్పడం కష్టంగా ఉంది, ఎందుకంటే తోటి రచయితలనూ తాకుతుంది. ఎక్కడినుంచో ఎత్తి తెచ్చి అతికించిన వ్యాసాలు రోజూ వస్తున్నాయి. "ఈ నెల మేటి రచయిత" గుర్తింపును మీరు వ్యాసాల సంఖ్యనుబట్టి, మెచ్చుకోళ్ల సంఖ్యనుబట్టి ఇస్తున్నారు. అందుకని ఒక వ్యాసాన్ని నాలుగు ముక్కలు చేసి పెట్టడం, ఒకరి వ్యాసాన్ని ఒకరు చదవకుండానే మెచ్చుకోవడం మామూలైపోయింది. మంచి వ్యాసం మొదటి పేజీ నుంచి అంత త్వరగా జారిపోవడానికి ఇదే కారణం.

ఇది వేదిక లోపలి గొడవతో ఆగదు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన వెతుకులాట పద్ధతిలో పాండా అనే మార్పు తెచ్చి, పలచని వ్యాసాలూ నకళ్లూ పోగైన సైట్లను ఫలితాల్లో వెనక్కి నెట్టింది. హబ్‌పేజెస్, ఈజీన్ ఆర్టికల్స్ వంటి సామూహిక వ్యాస వేదికలకు పెద్ద దెబ్బ తగిలింది. సైటులో కొంత భాగం నాసిగా ఉన్నా మొత్తం సైటు స్థానం దిగజారవచ్చని గూగుల్ అప్పుడే చెప్పింది. అంటే పక్కవాడి నకలు వల్ల నిజాయతీగా రాసిన మనిషి పాఠకులను పోగొట్టుకున్నాడు. ఆ ఏడాదే హబ్‌పేజెస్ ఒక్కో రచయితకు విడి ఉపచిరునామా ఇచ్చి, ఎవరి మంచిచెడ్డలు వారికే చెందేలా చేసింది. అసోసియేటెడ్ కంటెంట్‌ను కొని యాహూ నడిపిన వాయిసెస్ అనే వ్యాస వేదిక 2014లో మూతపడింది. ఇక్కడా అలా జరిగితే ముందుగా పోయేది నాలాంటి వారి ఏళ్ల శ్రమ, దాన్ని నమ్ముకున్న పాఠకుల ఆధారం.

ఆంగ్ల వికీపీడియాలో కొత్త వ్యాసం ఎవరైనా పరిశీలించేదాకా, లేదా 90 రోజులు గడిచేదాకా సెర్చ్ ఇంజిన్లకు కనబడకుండా ఉంచుతారు. ఇక్కడా అలాంటి వడపోత పెట్టండి. గడువు మాత్రం వారం దాటనివ్వకండి. వ్యాసంలోని రెండు వాక్యాలు తీసి వెతికితే నకలు చాలావరకు బయటపడుతుంది. రచయిత తన సొంత రాతనే మరోచోట ముందుగా ప్రచురించి ఉంటే దాన్ని నకలుగా చూడకండి. అసలు ప్రతి ఎక్కడుందో పేజీలోనే తెలిపే పద్ధతి 2009 నుంచి ఉంది, దాన్ని రచయితకు అందుబాటులో పెట్టండి. మేటి రచయిత గుర్తింపుకు సంఖ్యను కొలమానంగా తీసేయండి.

6. లెక్కలు. మాకు కనిపించేది "చూసినవారు" అనే ఒకే ఒక్క అంకె. అందులో రచయిత తన పేజీని మళ్లీ తెరిచినా కలుస్తుంది. పాఠకుడు ఏ మాట కొట్టి వచ్చాడు, ఎక్కడినుంచి వచ్చాడు, చివరిదాకా చదివాడా లేదా అన్నది తెలియదు. సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ సాధనం సైటు యజమానికి 16 నెలల వెతుకులాట మాటలను చూపిస్తుంది. ఆ యజమాని మీరు. మా వ్యాసాలకు జనం ఏ మాటతో వచ్చారో మీకు తెలుసు, మాకు తెలియదు. ఆ నర్సుకు "మడమ పుండు" అన్న మాటతో జనం వస్తున్నారని ఒక్క ముక్క తెలిసి ఉంటే, ఆవిడ రెండో వ్యాసం దాని మీదే రాసి ఉండేవారు. తన రాత ఎవరికో అక్కరకు వస్తోందని తెలియడమే జీతం లేని రచయితకు దక్కే ప్రతిఫలం. నెలకోసారి ప్రతి రచయితకూ తన వ్యాసాల లెక్క పంపండి.

7. అడ్డుతెరలు. రెండు పేరాలు చదివేసరికి యాప్ వేసుకోమనే తెర వచ్చి వ్యాసాన్ని మూసేస్తోంది. చిన్న ఫోనులో దాన్ని మూసే గుర్తు వేలికి దొరకదు. ఫోనులో పేజీని ఇలా కప్పేసే తెరలున్న సైట్లను గూగుల్ 2017 జనవరి నుంచి వెనక్కి నెడుతోంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని కూడా అదే సంస్థ చెబుతోంది. తెర తీసేయండి. యాప్ కావలసినవారు వెతుక్కుని వేసుకుంటారు.

8. సవరణ. ప్రచురించిన కొద్దికాలానికే వ్యాసానికి తాళం పడుతోంది. చట్టం మారుతుంది, ఫారం మారుతుంది, ఫోను నంబరు మారుతుంది, వ్యాసం మాత్రం మారదు. తప్పు సమాచారం రచయిత పేరుతోనే తిరుగుతూ ఉంటుంది, సామాన్యుడు దాన్ని నమ్మి తిరిగిన చోటే తిరుగుతాడు. రచయితకు ఎప్పుడైనా సవరించే హక్కు ఇచ్చి, చివరిసారి సవరించిన తేదీని పైన చూపించండి.

"మేము కొద్దిమందిమి, డబ్బు లేదు" అని మీరు అనవచ్చు. ఆ మాట నిజమేనని నమ్ముతున్నాను. అయితే పైన కోరిన వాటిలో చాలావాటికి డబ్బు అవసరం లేదు. అడ్డుతెర తీయడం, సవరణ తాళం విప్పడం, ఏమీ దొరకని వెతుకులాటల జాబితా ఇవ్వడం, మేటి రచయిత కొలమానం మార్చడం వెంటనే చేయగలిగినవి. మళ్లింపులకు, సైట్‌మ్యాప్‌కు, లింకు పరిచయానికి ఒక సాంకేతిక నిపుణుడి సమయం కావాలి. వెతుకుపెట్టెను పూర్తిగా బాగుచేయడానికి ఎక్కువ వ్యవధి పడుతుంది, దానికి వేచి ఉంటాం. పాత వ్యాసాలు చదివి ఎంచడానికి, విభాగాలు సర్దడానికి, నకళ్లు పట్టుకోవడానికి మాలో చాలామంది సిద్ధంగా ఉన్నారు. ఆ మాట కిందటి ఉత్తరాల్లోనూ రాశాం. చేయి చాచిన మనుషులకు అనుమతి ఇవ్వడానికి కూడా ఖర్చు కాదు కదా.

పాఠకులను తెచ్చే బాధ్యత మొత్తం మీదేనని నేను అనడం లేదు. పేరు చూడగానే విషయం తెలిసేలా పెట్టడం, మొదటి పేరాలోనే అసలు సంగతి చెప్పడం, తోటివారి వ్యాసాలకు లింకులు ఇవ్వడం రచయితల పని. అవి మేము చేస్తున్నాం, ఇంకా నేర్చుకుంటాం. మా పని ఎంత బాగా చేసినా మీ పని జరగకపోతే అంతా అరణ్యరోదన అవుతుంది.

మా డిమాండ్లు ఇవి. నెల రోజుల్లోపు ఈ ఎనిమిది అంశాలకూ విడివిడిగా రాతపూర్వకంగా జవాబివ్వండి. ఏది చేస్తారు, ఎప్పటికి చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు అన్నది వేదిక మీదే ప్రకటించండి. ఇకపై చిరునామాలను, మొదటి పేజీ వరసను, గుర్తింపుల కొలమానాన్ని మార్చేముందు రచయితలకు తెలియజేసి, అభిప్రాయం తీసుకోండి.

జవాబు ఎలా ఉన్నా ఒక ఏర్పాటు మాత్రం వెంటనే కావాలి. ప్రతి రచయితా తన వ్యాసాలన్నిటినీ, బొమ్మలతో, తేదీలతో సహా ఒకే ఫైలుగా దింపుకునే వీలు కల్పించండి. గూగుల్ తన నోల్ వ్యాస వేదికను 2012లో మూసినప్పుడు కూడా రచయితలకు తమ రాతలను బయటికి తీసుకువెళ్లే దారి చూపింది. ఇక్కడ ఉండి రాయాలనే మా కోరిక. ఉండలేని పరిస్థితి వస్తే, ఆ నర్సు వ్యాసంతో సహా మేము రాసినవన్నీ చదివేవారికి దొరికే చోటికి తీసుకువెళ్లే హక్కు మాకుంది. దానికి కావలసిన బటన్‌ను ఈ నెలలోనే పెట్టండి.

ఇట్లు,
మీ వేదికలో రాస్తున్న ఒక రచయిత్రి